ఊసరవెల్లి నోట్లో చీము పడితే: ఇంట్లో కడగాలా, ఊళ్ళో పశువైద్యుడికి చూపించాలా, తిరుపతికో చెన్నైకో బయల్దేరాలా?

కుక్కకో పిల్లికో నోరు పుండైతే నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా సాయంత్రానికల్లా ఎవరో ఒక డాక్టరు చూస్తారు. వెయిల్డ్, ప్యాంథర్ అనే విదేశీ రకాల ఊసరవెల్లుల్ని పెంచుకునేవాళ్ళకు ఆ వెసులుబాటు లేదు. పెదవి అంచున తెల్లటి ముద్ద కనిపించిన రోజు నుంచి ఇంట్లో చర్చ మొదలవుతుంది. బెటాడిన్ పూసి చూద్దామా? పశువుల ఆస్పత్రికి తీసుకెళ్తే నవ్వుతారేమో? ఈ ఎండలో చెన్నై దాకా ఎలా తీసుకెళ్ళేది? ఇలా అనుకుంటూ ఉండగానే వారం గడిచిపోతుంది. మెత్తటి చిగురులో ఉన్న ఇన్ఫెక్షన్ ఎముకకు దిగేది సాధారణంగా ఇలాంటి ఆలస్యంలోనే.

నా అభిప్రాయం ముందే చెప్తాను. నోటి ఇన్ఫెక్షన్‌కు ఇంట్లో కడగడం సాయమే తప్ప వైద్యం కాదు. చీము కనిపిస్తే దగ్గర్లోని పశువైద్యుడికి ఒకటి రెండు రోజుల్లో చూపించాలి. ఎముకకు తగిలిందన్న అనుమానం ఉంటే అక్కడితో ఆగకుండా పెద్ద ఆస్పత్రికి వెళ్ళాలి. ఎందుకో, ఎవరికి ఏ దారి నప్పుతుందో కింద వివరంగా రాస్తున్నాను.

## దారి ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు చూడాల్సింది దవడ ఎముక. ఊసరవెల్లి పళ్ళు మన పళ్ళలా గుంటల్లో దిగి ఉండవు. దవడ ఎముక అంచుకే అతుక్కుని ఉంటాయి, పాడైతే వాటి చోట కొత్తవి రావు. చుట్టూ ఉండే చిగురు చాలా పలచన. అందుకే చిగుళ్ళలో మొదలైన ఇన్ఫెక్షన్‌కూ ఎముకకూ మధ్య అడ్డం పెద్దగా ఉండదు. పైపైనే ఉన్న ఇన్ఫెక్షన్ కొన్ని వారాల మందులతో తగ్గుతుంది. ఎముకను పట్టిందంటే నెలల మాట, పాడైన ఎముకను గీకి తీయాల్సి కూడా రావచ్చు.

తర్వాత చీము. పాకే జంతువుల చీము మన పుండులోలా కారదు. చీమును కరిగించే ఎంజైము వాటి తెల్లరక్త కణాల్లో సరిగా లేకపోవడం వల్ల అది జున్ను ముక్కలా గట్టిగా కట్టుకుపోతుంది. అలా కట్టిన గడ్డ లోపలికి రక్తం పోదు, రక్తంతో పాటు వెళ్ళే మందూ పోదు. ఎంత ఖరీదైన యాంటిబయాటిక్ వేసినా, పైన ఎంత మందు పూసినా, ఆ గడ్డను తీయకపోతే లాభం తక్కువ. ఇంటి వైద్యాలు చాలావరకు ఇక్కడే ఓడిపోతాయి.

ఒంట్లో నీరు ఎంతుందో కూడా తెలియాలి. రెట్టలో ఒక భాగం తెల్లగా ఉంటుంది కదా, అది తెల్లగానే ఉంటే ఫర్వాలేదు. ముదురు పసుపు, నారింజ రంగుకు తిరిగి గట్టిపడితే నీరు తగ్గిందని అర్థం. కళ్ళు లోపలికి పోవడం మరో గుర్తు. నీరు తగ్గిన జీవికి కొన్ని యాంటిబయాటిక్‌లు, నొప్పి మందులు కిడ్నీలను దెబ్బతీస్తాయి కాబట్టి ఈ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

దవడ గట్టిగా ఉందా, రబ్బరులా వంగుతోందా అన్నది ఇంకొకటి. క్యాల్షియం, యూవీబీ లైటు (ఎండలోని అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం) చాలక ఎముకలు మెత్తబడిన ఊసరవెల్లి నోరు తెరవబోతే దవడ విరగొచ్చు. అనుమానం ఉంటే మీరు నోట్లో చెయ్యి పెట్టకండి.

ఇవన్నీ జంతువు సంగతి. మీ సంగతి కూడా ఉంది. మూడు రోజులకోసారి ఇంజెక్షన్ ఇవ్వడానికి ఇంట్లో ఎవరికైనా ధైర్యం ఉందా? రోహిణి కార్తెలో నలభై రెండు డిగ్రీలు దాటే ఊళ్ళో పగటిపూట ప్రయాణం తప్పించగలరా? ఈ రెండిటికీ జవాబు తెలియకుండా ఆస్పత్రి ఎంచుకోవడం కుదరదు.

## నోట్లో కనిపించేదంతా ఒకే జబ్బు కాదు

నోరు బలవంతంగా తెరవక్కర్లేదు. చాలా ఊసరవెల్లులు చెయ్యి దగ్గరికి వస్తేనే కోపంతో నోరు బార్లా తెరిచి బుసకొడతాయి. ఒకరు చెయ్యి చూపించి, ఇంకొకరు పక్కనుంచి టార్చి వేసి ఫోనులో వీడియో తీస్తే చాలు. తర్వాత ఆ వీడియోను ఆపి, పెద్దది చేసి చూడండి. పళ్ళ వరస, చిగురు అంచు, నోటి మూలలు, నాలుక మొదలు, ఈ నాలుగూ కనిపించాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒక వీడియో తీసి ఉంచుకుంటే మరీ మంచిది. నోటి లోపలి రంగు, అక్కడక్కడ ఉండే నల్ల మచ్చలు ఒక్కో జీవికి ఒక్కోలా ఉంటాయి, ఏది పుట్టుకతో ఉన్నదో ఏది కొత్తగా వచ్చిందో పోల్చుకోవడానికి వేరే దారి లేదు.

| కనిపించేది | ఏమై ఉండొచ్చు | ఎంత తొందర |
|---|---|---|
| చిగురు మీద ఎర్రటి చుక్కలు, కొద్దిగా వాపు, తిండి మామూలే | మొదటి దశ చిగుళ్ళ వాపు లేదా చిన్న గాయం | రెండు మూడు రోజుల్లో డాక్టరు |
| పళ్ళ వెంట పసుపు, తెలుపు గట్టి ముద్దలు, జిగురు లాలాజలం, వాసన | నోటి లోపలి ఇన్ఫెక్షన్ (స్టొమటైటిస్), మౌత్ రాట్ అనేది ఇదే | మర్నాటికల్లా |
| నోటి మూలన గుండ్రటి వాపు, గోధుమ రంగు జిడ్డు, ఘాటు వాసన | టెంపోరల్ గ్రంథి పూడుకుపోవడం లేదా ఇన్ఫెక్షన్ | రెండు రోజుల్లో |
| దవడ ఒకవైపు గట్టిగా ఉబ్బడం, పళ్ళ దగ్గర ఎముక బయటపడటం | దవడ ఎముక ఇన్ఫెక్షన్ | నేరుగా ఎక్స్‌రే, మత్తు సౌకర్యం ఉన్న చోటికి |
| దవడ వంగడం, పెదవులు కలవకపోవడం, కాళ్ళు వంకర | ఎముకలు మెత్తబడే జబ్బు | మర్నాటికల్లా, నోరు తెరవకుండా |
| తల పైకెత్తి నోరు తెరిచి ఊపిరి, చప్పుడు, బుడగలు | ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ | అదే రోజు |
| మధ్యాహ్నాలు మాత్రమే నోరు తెరవడం, రంగు పాలిపోవడం, నోట్లో ఏమీ లేకపోవడం | వేడి తట్టుకోలేకపోవడం | అప్పటికప్పుడు చల్లబరచాలి |

పట్టికలో చివరి వరుస మన దగ్గర మరీ ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో నోరు తెరుచుకుని కూర్చున్న ఊసరవెల్లిని చూసి ఇన్ఫెక్షన్ అనుకుని మందులు మొదలుపెట్టేవాళ్ళున్నారు. నోట్లో చీము లేదు, వాపు లేదు, సాయంత్రం చల్లబడగానే నోరు మూసేసిందంటే ముందు చూడాల్సింది గది వేడిని. వేడి దీపం ఆపి, నీడకు మార్చి, సన్నటి తుంపర కొట్టండి. మంచు నీళ్ళు వద్దు.

టెంపోరల్ గ్రంథి గురించి రెండు మాటలు. చాలా రకాల ఊసరవెల్లులకు నోటి మూలల్లో చిన్న సంచి లాంటిది ఉంటుంది. అందులో ఊరే జిడ్డు ముద్దకు సహజంగానే చెడు వాసన ఉంటుంది. అది పూడుకుని ఉబ్బితే మౌత్ రాట్ అని కంగారుపడతారు. డాక్టరు మెల్లగా ఒత్తి తీసి, కడిగితే చాలాసార్లు సర్దుకుంటుంది. ఇది సులువుగా బయటపడే కేసు. అలాగని మీరే గోళ్ళతో నొక్కితే సంచి లోపల చిరిగి నిజంగానే ఇన్ఫెక్షన్ అవుతుంది.

## నాలుగు దారులు

### ఇంట్లోనే చూసుకోవడం

డాక్టరు చూసేలోపు చేయాల్సిన పనిగా ఇది మంచిదే. డాక్టరుకు బదులుగా మాత్రం కాదు. వేడి, తేమ, నీళ్ళు సరిచేయడం ఆ రోజే మొదలుపెట్టొచ్చు. చిగురు అంచు ఎర్రబడి, చీము లేకపోతే రోజుకు ఒకటి రెండుసార్లు పలచటి క్లోరెక్సిడిన్ ద్రావణంలో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడవొచ్చు. మందుల షాపులో దొరికే నోరు పుక్కిలించే క్లోరెక్సిడిన్ సాధారణంగా 0.2 శాతం ఉంటుంది. ఒక వంతు మందుకు మూడు వంతుల మరగకాచి చల్లార్చిన నీళ్ళు కలిపితే 0.05 శాతం అవుతుంది, అది చాలు. పుదీనా వాసన, రంగు, తీపి కలిపినవి కాకుండా సాదాది అడగండి. బెటాడిన్ అయితే లేత టీ రంగు వచ్చేంత పలచగా ఉండాలి. ఇయర్‌బడ్‌ను పిండి, తడి మాత్రమే మిగిల్చి తుడవండి. ఊసరవెల్లి ఊపిరి తీసుకునే రంధ్రం నాలుక దగ్గరే ఉంటుంది, అందులోకి ఒక్క బొట్టు జారినా న్యుమోనియా రావచ్చు. తల కాస్త కిందికి వంచి పట్టుకోవడం మంచిది.

వద్దనేవి కొన్ని ఉన్నాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ ఊపిరిలోకి పోతుంది, బాగున్న చర్మాన్నీ కాలుస్తుంది. లవంగం నూనె ఇంత చిన్న ప్రాణికి విషమే. పసుపు ముద్ద పూస్తే కింద ఏముందో డాక్టరుకు కనిపించదు. అన్నిటికంటే ప్రమాదం, మందుల షాపులో గజ్జికీ తామరకూ ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీము. వాపు తగ్గినట్టే కనిపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతుంది. టూత్‌పిక్‌తో, పిన్నీసుతో చీము గడ్డను తవ్వడం కూడా వద్దే వద్దు. ఆ గడ్డ కింద పచ్చి చర్మం, దాని కింద ఎముక.

### మీ ఊళ్ళో పశువైద్యశాల

చాలామంది తోసిపుచ్చే దారి ఇది. నేను మాత్రం మొదటి మెట్టుగా దీన్నే చెప్తాను. ఆవులు, గేదెలు, గొర్రెలు చూసే డాక్టరుకు ఊసరవెల్లి కొత్త కావచ్చు కానీ చీము కొత్త కాదు, ఇంజెక్షన్ కొత్త కాదు. నెల్లూరు, ఒంగోలు, కావలి లాంటి ఊళ్ళలో చిన్న జంతువుల ప్రైవేటు క్లినిక్‌లూ ఉన్నాయి. మీరు ముందుగా నోటి వీడియో, బరువు, పంజరం ఉష్ణోగ్రతలు, ఏం తింటోందో రాసిన కాగితం తీసుకెళ్ళండి. వంటింటి డిజిటల్ కాటాలో గ్రాముల్లో తూచిన బరువు ఆ కాగితంలో అన్నిటికంటే పైన ఉండాలి.

ఈ దారిలో లాభం దగ్గరదనం, తొందర. లోపం ఏమిటంటే మత్తు. ఇంత చిన్న జీవికి గ్యాసు మత్తు ఇచ్చి, చీము గడ్డలు పూర్తిగా తీసే ఏర్పాటు అన్ని చోట్లా ఉండదు. డోసులో కూడా తికమక పడొచ్చు, ఎందుకంటే చేతికి దొరికే మందులు పశువుల కోసం చేసిన ఘాటైనవి. ఇక్కడ ఒక మధ్యేమార్గం ఉంది. పాకే జంతువులు చూసే డాక్టరుతో మీ స్థానిక డాక్టరు ఫోనులో మాట్లాడేలా కుదర్చండి. ఆయన చెప్తే ఈయన చేస్తారు. చాలామంది పశువైద్యులు దీన్ని చిన్నతనంగా అనుకోరు, కొత్త కేసు నేర్చుకోవడానికి ఆసక్తి చూపిస్తారు. వినయంగా అడగడం మన పని.

చీములోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి అది ఏ రకమో చూసే కల్చర్ పరీక్షకు కూడా ఊళ్ళోనే దారి దొరకొచ్చు. నెల్లూరు పొగతోటలో ఉన్నన్ని ల్యాబులు ఇంకెక్కడున్నాయి? పశువైద్యుడి చీటీ ఉంటే తీసుకుంటారేమో ముందే అడగండి. తీసుకుంటే, ఒక ప్లేటును మనుషుల శాంపిల్‌లా 37 డిగ్రీల్లో కాకుండా గది వేడిమికి దగ్గరగా ఉంచమని డాక్టరుతో రాయించండి. ఊసరవెల్లి ఒంటి వేడి మన ఒంటి వేడి కాదు, దాని నోట్లోని బ్యాక్టీరియాకూ ఆ తేడా ఉంటుంది. యాంటిబయాటిక్ మొదలుపెట్టే ముందే శాంపిల్ తీయాలి.

### తిరుపతి, గన్నవరం

శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తిరుపతిలో ఉంది. నెల్లూరు నుంచి రోడ్డు మీద దాదాపు 135 కిలోమీటర్లు. ఒంగోలు వాళ్ళకు ఎన్‌టీఆర్ పశువైద్య కళాశాల ఉన్న గన్నవరం దగ్గర, విజయవాడ దాటాక కొద్ది దూరం. కాలేజీ ఆస్పత్రుల్లో శస్త్రచికిత్స, ఎక్స్‌రే, ల్యాబు విభాగాలు ఒకే ఆవరణలో ఉంటాయి, ఖర్చు ప్రైవేటు కంటే తక్కువ. అయితే ఆ రోజు ఓపీలో పాకే జంతువులు తెలిసిన అధ్యాపకులు ఉన్నారా లేదా అన్నది అదృష్టం మీద వదిలేయకండి. ముందురోజు ఫోన్ చేసి, ఫలానా జబ్బు, ఫలానా జంతువు అని చెప్పి, ఎవరు ఏ రోజు ఉంటారో కనుక్కుని వెళ్ళండి. క్యూలో కుక్కల మధ్య కూర్చోవాల్సి వస్తుంది, డబ్బా మీద గుడ్డ కప్పి ఉంచండి.

### చెన్నై

నెల్లూరు వాళ్ళకు చెన్నై పరాయి ఊరు కాదు. పెద్ద జబ్బు చేస్తే మనుషుల్నే అక్కడికి తీసుకెళ్తాం. దాదాపు 175 కిలోమీటర్లు, రైళ్ళకు కొదవ లేదు. వేపేరిలో 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. పక్షులు, పాకే జంతువులు చూసే ప్రైవేటు డాక్టర్లు దొరికే అవకాశం కూడా మన చుట్టుపక్కల ఊళ్ళకంటే అక్కడే ఎక్కువ. దవడ ఎముక కేసు, పళ్ళ చుట్టూ ఎక్స్‌రే, గ్యాసు మత్తు అవసరమైన కేసు అయితే నేను నేరుగా ఇక్కడికే వెళ్ళమంటాను. ఒంగోలు నుంచి మాత్రం మూడు వందల కిలోమీటర్ల మాట. జబ్బు చేసిన ఊసరవెల్లికి అది చిన్న ప్రయాణం కాదు కాబట్టి గన్నవరం వైపు ఎవరున్నారో ముందు వాకబు చేయండి.

ప్రయాణం ఎలాగంటే, గాలి ఆడే డబ్బాలో ఒక కొమ్మ కట్టి, బయట గుడ్డ కప్పి, తెల్లవారుజామున బయల్దేరాలి. బయల్దేరే ముందు తుంపర కొట్టి నీళ్ళు తాగనివ్వండి. కారు ఏసీ 25, 26 దగ్గర ఉంచి, గాలి సూటిగా తగలకుండా చూడండి. ఆగి ఉన్న కారులో ఒక్క నిమిషం కూడా వదిలి టీకి వెళ్ళొద్దు.

## మందుల మధ్య తేడా

మందు ఎంచేది డాక్టరే. కానీ ఏది ఎందుకు ఇస్తున్నారో తెలిస్తే సరైన ప్రశ్న అడగగలం. ఈ ఇన్ఫెక్షన్లలో తరచూ కనిపించేవి సూడోమోనాస్, ఏరోమోనాస్ లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా, అంటే మామూలు యాంటిబయాటిక్‌లకు సులువుగా లొంగని రకాలు. లోతైన పుండ్లలో గాలి అక్కర్లేని రకాలూ తోడవుతాయి. మనకు గొంతు నొప్పికి వాడే అమాక్సిసిలిన్ మిగిలిందని నోట్లో పోయడం అందుకే పనికిరాదు.

| మందు | మంచి | చెడు |
|---|---|---|
| సెఫ్టాజిడిమ్ ఇంజెక్షన్ | సూడోమోనాస్‌పై బాగా పనిచేస్తుంది, మూడు రోజులకోసారి చాలు, మనుషుల మందుల షాపులో దొరుకుతుంది | డోసు అతి చిన్నది, కొలవడం కష్టం |
| ఎన్రోఫ్లాక్సాసిన్ | ప్రతి పశువుల మందుల షాపులో ఉంటుంది, నోటి ద్వారా కూడా ఇవ్వొచ్చు | ఇంజెక్షన్ చోట మంట, కండ నల్లబడటం |
| అమికాసిన్ | గట్టి మందు | కిడ్నీలకు ప్రమాదం, నీరు తగ్గిన జీవికి వద్దు |
| మెట్రోనిడజోల్ | గాలి అక్కర్లేని బ్యాక్టీరియాకు, ఇంకో మందుకు తోడుగా | ఒంటరిగా చాలదు, డోసు మించితే నరాలపై ప్రభావం |

మూడు రోజులకోసారి పట్టుకుంటే చాలన్నది ఊసరవెల్లికి చాలా పెద్ద లాభం. రోజూ పట్టి నోరు తెరిచి మందు పోస్తుంటే ఆ ఒత్తిడికే తిండి మానేస్తుంది. కాబట్టి డాక్టరు సెఫ్టాజిడిమ్, ఎన్రోఫ్లాక్సాసిన్ రెండిట్లో ఏదైనా ఫర్వాలేదంటే నేను సెఫ్టాజిడిమ్ వైపు మొగ్గుతాను.

కానీ కొలత దగ్గర జాగ్రత్త. పుస్తకాల్లో ఉన్న డోసు కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు. మీ ఊసరవెల్లి 120 గ్రాములైతే కావాల్సింది 2.4 మిల్లీగ్రాములు. ఒక గ్రాము వయల్‌ను (పొడి మందు సీసాను) 10 మిల్లీలీటర్లలో కలిపితే అది 0.024 మిల్లీలీటర్. ఇన్సులిన్ సిరంజీ లేకుండా కొలవలేం. మన షాపుల్లో ఇన్సులిన్ సిరంజీలు రెండు రకాలు: ఎర్ర మూతవి మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, నారింజ మూతవి 100 యూనిట్లవి. నారింజ మూత సిరంజీలో దాదాపు రెండున్నర యూనిట్లంటే సరైన డోసు. అదే రెండున్నర యూనిట్లు ఎర్ర మూత సిరంజీలో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కువ మందు లోపలికి పోతుంది. అందుకే డాక్టరును డోసు గీతల్లో కాకుండా మిల్లీలీటర్లలో రాయమనండి, ఏ రంగు మూతదో పక్కనే రాయించుకోండి. ఇంకా పలచగా కలిపి కొలత పెంచమని అడిగినా తప్పులేదు, వాళ్ళే చాలాసార్లు అలా చేస్తారు.

కలిపిన సెఫ్టాజిడిమ్‌ను ఒక్కో డోసుగా సిరంజీల్లో నింపి డీప్ ఫ్రీజర్‌లో దాచుకునే పద్ధతి ఉంది. తుపాను రోజుల్లో గంటల కొద్దీ కరెంటు పోయే ఊళ్ళలో అది నమ్మకం కాదు. ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించి వాడకూడదు. అలాంటి ఊరైతే ప్రతి డోసుకూ డాక్టరు దగ్గరికే వెళ్ళడం మేలు. ఇంజెక్షన్ ముందు కాళ్ళ వైపు ఇస్తారు. వెనక భాగం నుంచి వచ్చే రక్తం కిడ్నీల గుండా పోతుంది కాబట్టి అక్కడ ఇవ్వరు. కొత్త డాక్టరైతే ఈ మాట మర్యాదగా గుర్తుచేయండి.

విటమిన్ ఏ తక్కువైతే నోటి లోపలి పొర మందంగా, పొడిగా మారి ఇన్ఫెక్షన్‌కు తావిస్తుంది, కళ్ళు ఉబ్బుతాయి. కానీ విటమిన్ ఏ ఇంజెక్షన్ మోతాదు మించితే చర్మం ఊడుతుంది. దాన్ని సొంతంగా ముట్టుకోకండి. నొప్పికి మెలాక్సికామ్ ఇస్తారు, నీరు సరిపడా ఉంటేనే.

## ఎవరికి ఏది

నెల్లూరు టౌనులో ఉండి, కారు ఉండి, చీము స్పష్టంగా కనిపిస్తుంటే: ఈ సాయంత్రం ఊళ్ళో డాక్టరు, ఆయన చూపులో ఎముకపై అనుమానం వస్తే ఎల్లుండి తెల్లవారుజామున చెన్నై.

మార్కాపురం, కనిగిరి, ఉదయగిరి వైపు లోపలి ఊళ్ళలో ఉండేవాళ్ళకు ప్రతి వారం ప్రయాణం సాగదు. అలాంటప్పుడు ఒకేసారి పెద్ద ఆస్పత్రికి వెళ్ళి, మత్తులో చీము తీయించి, ఎక్స్‌రే, కల్చర్ అన్నీ ఒకే రోజు అయ్యేలా ముందే మాట్లాడుకోండి. తర్వాతి ఇంజెక్షన్లు మీ మండలంలోని పశువైద్యశాలలో. చీటీలో బరువు, డోసు మిల్లీలీటర్లలో, ఎన్ని రోజులకోసారి, ఎన్నిసార్లు, అన్నీ తెలుగులో రాయించుకుంటే కాంపౌండరుకూ సులువు.

హాస్టల్లో ఉండి పెంచుతున్న విద్యార్థులకు నా మనసులో మాట చెప్తాను. మందు నాలుగు వారాలు సాగొచ్చు, మధ్యలో పరీక్షలు, సెలవులు వస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ళకో, పెంపకం తెలిసిన స్నేహితుడికో ఈ వైద్యం అయ్యేదాకా అప్పగించండి. సగంలో ఆపిన యాంటిబయాటిక్ వల్ల తిరగబెట్టిన ఇన్ఫెక్షన్‌కు రెండోసారి అదే మందు పనిచేయకపోవచ్చు.

ముసలి ఊసరవెల్లి, ఎముక దాకా పోయిన జబ్బు, తిండి మానేసి చిక్కి శల్యమైంది అనుకోండి. అప్పుడు ఆపరేషను ఒక్కటే దారి అని నేను అనను. తట్టుకుంటుందా, ఎంత నొప్పి, మిగిలే రోజులు ఎలా ఉంటాయి అని డాక్టరును సూటిగా అడగండి. నొప్పి లేకుండా సాగనంపడం కూడా ప్రేమతో తీసుకునే నిర్ణయమే.

## మందు పనిచేయాలంటే పంజరంలో మార్చాల్సినవి

ఊసరవెల్లి ఒంటి వేడి బయటి వేడి మీదే ఆధారపడుతుంది. చల్లగా ఉన్న ఒంట్లో రోగనిరోధక శక్తీ పనిచేయదు, మందూ సరిగా పనిచేయదు. వెయిల్డ్‌కు ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 30 నుంచి 32 డిగ్రీలు, మిగతా చోట 24 నుంచి 28 ఉండేలా చూడండి. మన వేసవిలో వేడి దీపం అవసరమే ఉండదు, చల్లటి మూల ఉందా లేదా అన్నదే ప్రశ్న. కార్తీకంలో ముసురు పట్టినప్పుడు కథ తిరగబడుతుంది. గది రోజంతా తడిగా, చల్లగా ఉంటుంది, ఆకులు ఆరవు. పగలు ఒక్కసారైనా పంజరం పూర్తిగా ఆరాలి.

తిండి పురుగుల విషయంలో రెండు జాగ్రత్తలు. రాత్రిపూట పంజరంలో మిగిలిన క్రికెట్లు (కీచురాళ్ళు) నిద్రపోతున్న ఊసరవెల్లి పెదవుల్ని కొరుకుతాయి. ఆ చిన్న గాయమే చాలాసార్లు మొదలు. రెండోది, వరి పొలాల గట్ల మీద పట్టిన మిడతలు పెట్టకండి. మన డెల్టాలో పురుగుమందు కొట్టని వరి మడి వెతికి పట్టుకోవడం కష్టం. జాలీకి మూతి రుద్దుకునే అలవాటు ఉంటే ఇనుప జాలీ మార్చి మెత్తటి మెష్ వేయండి. తుంపర కొట్టే నీళ్ళు ఉప్పదనం లేనివి వాడండి. ఒంగోలు వైపు బోరు నీళ్ళతో నాజిల్ పూడుకుపోయి, మనకు తెలియకుండానే ఊసరవెల్లికి నీళ్ళు అందని రోజులు ఉంటాయి.

జబ్బు రోజుల్లో నాలుక విసరలేకపోతే పురుగును చిన్న కప్పులో మూతి దగ్గర పెట్టండి. ముందు నీరు, తర్వాతే తిండి. నీరు లేని ఒంట్లోకి బలవంతంగా తిండి ఎక్కిస్తే ప్రమాదం. ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి, పాకే జంతువుల్లో సాల్మొనెల్లా మామూలే.

## దొరికిన అడవి ఊసరవెల్లి అయితే

ఉదయగిరి, గిద్దలూరు వైపు కంపల్లో, తోటల్లో కనిపించేది మన దేశపు ఊసరవెల్లి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది రక్షిత జీవి. నోరు గాయమై కనిపించినా ఇంటికి తెచ్చి పెంచడం నేరం, అటవీ శాఖకు చెప్పి అప్పగించాలి. వెయిల్డ్, ప్యాంథర్ రెండూ వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం సైట్స్ రెండో అనుబంధంలో ఉన్నవి. వాటిని 2024 నాటి నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. నమోదు కాగితం ఉంటే ఆస్పత్రిలోనూ, రైల్లోనూ అడిగినవాళ్ళకు చూపించడానికి పనికొస్తుంది.

## ఎప్పుడు ఆపాలి

వాపు తగ్గి తిండి మొదలైన రోజు మందు ఆపే రోజు కాదు. డాక్టరు చెప్పిన చివరి డోసు దాకా వేయండి. ఆ తర్వాత రెండు వారాలు ఆగి మళ్ళీ నోటి వీడియో తీసి, మొదటి రోజు వీడియో పక్కన పెట్టి చూడండి. వారానికోసారి బరువు రాయండి. ఎముక కేసు అయితే ఎక్స్‌రే మళ్ళీ తీయించాలి, పైన చర్మం మానినా లోపల ఎముకలో జబ్బు మిగిలి ఉండొచ్చు. దవడ మీద పాత చోటే మళ్ళీ గట్టిగా తగిలితే ఇంట్లో కడగడంతో మొదలుపెట్టకండి, ఈసారి నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికే ఫోన్ చేయండి.